ఎసరు మరిగేలోపు

ఎసరు పెట్టింది. ఇక గంట. తొమ్మిదిమందికి సరిపడే గిన్నె, కట్టెల పొయ్యి, ఇంకా పచ్చి ఆరని కర్ర. ఎసరు మరగడానికి ఎంతసేపు, బియ్యం ఉడకడానికి ఎంతసేపు, గంజి వార్చి మగ్గబెట్టడానికి ఎంతసేపు, నాకు తెలుసు. పదకొండు నెలలుగా నా పొయ్యి నేనే ఊదుకుంటున్నాను. ఈ గంటలో చెప్పెయ్యాలి. చెప్పవలసింది మూడు ముక్కలు: నీ మితిని పోయింది. ఆ మూడు ముక్కల్ని దైలేఖ్ కొండ మీదనుంచి ఈ చదును నేల మీదకి రెండు బస్సులు మారి మోసుకొచ్చాను. వచ్చి ఇది మూడో పొద్దు, బరువు ఇంకా దించలేదు. అన్నానికి ముందు చెబితే ఆ గిన్నెడు అన్నం కుడితిలోకి పోతుంది. మితిని అంటే ఒట్టుతో కలుపుకున్న నేస్తం, ఆమె చావు వింటే తోడబుట్టినదాని చావు విన్నట్టే, లేచి స్నానం చెయ్యాలి, మూడు రోజులు ఉప్పు ముట్టకూడదు, ఇల్లంతా మైల. అన్నం తిన్నాక చెబితే మైలపడ్డ మనుషుల చేత తెలిసి తెలిసి ఉప్పు తినిపించిన పాపం నాది. పాపం సంగతి నాకు పెద్దగా పట్టదు. దేవుడికీ నాకూ మాటల్లేవు. కానీ మొన్న రాత్రి నుంచి మూడు పూటలు తినిపించాను, నాలుగోది తినిపించను. పొద్దున్నే పంపు దగ్గర మొహం కడుక్కుంటూ అనుకున్నాను. అనుకున్నాక తప్పే మనిషిని కాను.

ఆమె అటు తిరిగి కూర్చుని పొయ్యిలో కర్ర ఎగదోస్తోంది. జుట్టు తడిగా వీపు మీద పడి ఉంది. మార్గశిరం చలి, బయట నాలుగు అడుగుల అవతల ఎద్దు కూడా కనబడనంత మంచు, ఈ ముసలామె తెల్లారకముందే పంపు కొట్టుకుని తలకి పోసుకుంది. వీళ్ళకి నీళ్ళంటే భయం లేదు. సగం బతుకు కాలవలోనే గడిపే జనం. ఆమె పేరు నాకు తెలుసు, అనను. మితిని పేరు ఎవరూ అనరు. నా పెళ్ళానికి మితిని గనక నాకూ మితినే, ఆమె మొగుడు నాకు మిత్. పెరుగూ బియ్యమూ కలిపి ఒకరి నుదుట ఒకరు అద్దుకుని, తలో గుడ్డా మార్చుకుంటే అయిపోతుంది ఆ చుట్టరికం, ఆ తర్వాత చచ్చేదాకా తెగదు. వీళ్ళిద్దరూ గుడ్డ మార్చుకోలేదట, దొరక్క. చెరో గుప్పెడు ఉప్పు మార్చుకున్నారు. ఆ రోజుల్లో కొండ మీద ఉప్పు లేదు. చలికాలం వస్తే కొండ మీది మగవాళ్ళందరూ నెయ్యి డబ్బాలు వీపున కట్టుకుని ఆరు రోజులు దిగి రాజాపుర్ బజారులో అమ్మి, ఉప్పు కొని, మళ్ళీ ఏడు రోజులు ఎక్కేవాళ్ళు. నా పెళ్ళాం, జౌకలా, పన్నెండేళ్ళప్పుడు తండ్రితోపాటు దిగి, ఇక్కడ చలిజ్వరం పట్టి పడిపోయింది. తండ్రి పిల్లని ఈ ఇంటి అరుగు మీద వదిలి ఉప్పుతో పైకి పోయాడు. ఉప్పు ఆగదు కదా. రెండు నెలలు ఈ అరుగు మీదే పడుకుంది. ఈ మితినికి అప్పుడు పదకొండేళ్ళు. వాళ్ళమ్మ చేపల చారు కాచేది, ఈ పిల్ల తాగించేది. తండ్రి మళ్ళీ దిగొచ్చేసరికి ఇద్దరూ నుదుటి మీద పెరుగు బియ్యం అద్దుకుని, గుప్పెట్లో ఉప్పు పట్టుకుని కూర్చుని ఉన్నారట. ఇదంతా పెళ్ళయిన వారానికి నాకు చెప్పింది. నేనన్నాను, ఆ చదును నేల థారూ వాళ్ళు ఎలకలు తింటారు, వాళ్ళతో మనకేం చుట్టరికం, ఆ మాట ఇక ఈ ఇంట్లో వినబడకూడదని. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి, చదువుకున్నవాడిలాగే అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నలభై ఆరేళ్ళు ఎత్తలేదు.

నీళ్ళు ఇంకా పలకలేదు. గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు. ఉప్పంటే గుర్తొచ్చింది, నేను నా జన్మలో కంచం తోసింది ఒక్కసారే, ఉప్పు గురించే. వడగళ్ళ ఏడు. గుడ్డంత గుడ్డంత వడగళ్ళు పడి మొక్కజొన్న నేలకి అంటుకుపోయింది. పొలం అంతా తిరిగి, చూసి, ఏమీ చెయ్యలేక ఇంటికొచ్చి కూర్చుంటే పప్పులో ఉప్పు లేదు. ఎడమచేత్తో కంచం తోశాను. గడప దాకా పోయింది. పంట పోయిన రోజున కూడా కాస్త ఉప్పు వెయ్యడానికి చెయ్యి రాలేదా అన్నాను. ఆమె లేచింది. పొయ్యి పక్కన రెండు గిన్నెల్లో పప్పు ఉంది. ఇంట్లో ముగ్గురమే, రెండు గిన్నెలెందుకని అడగలేదు. రెండో గిన్నెలోంచి వేసి తెచ్చింది, అందులో ఉప్పు ఉంది, తిని లేచాను. ఆ తర్వాత నా కంచంలోనే ఆమె తిన్నది. మా కొండ మీద ఆడది మొగుడి ఎంగిలి కంచంలోనే తింటుంది. తిని, తోమి, గోడకి ఆనించి పెడుతుంది. అందుకే నాకు అరవయ్యారేళ్ళు వచ్చేదాకా కంచం అడుగు ఎలా ఉంటుందో తెలియదు.

మొన్న సాయంత్రం సందు మొదట్లో బస్సు దిగి నిలబడగానే ఈమె గుర్తుపట్టింది. ఎప్పుడూ చూసింది లేదు. "కనుబొమ మీద గాటు, నవ్వడం రాని మొహం. మా మితిని చెప్పినట్టే ఉన్నారు మిత్‌జూ," అంది. అని నా భుజం మీదుగా దారి చూసింది. "ఏదీ, వెనకాల వస్తోందా?" దారి మీద ఒక మేక తప్ప ఏమీ లేదు. అప్పుడే చెప్పెయ్యాల్సింది. "మోకాళ్ళ నొప్పులు. బస్సు పడదు," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. "దసరాకి ఫోన్ చేశాను, రెండుసార్లు. ఎత్తలేదు," అంది. "పాడైంది," అన్నాను. పాడవలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను, డబ్బాలో మోగింది, మోగి ఆగింది. ఇక మోకాళ్ళ గురించి మొదలైంది. ఆవనూనెలో వెల్లుల్లి కాచి రాయమని ఒకరు, వేడి ఇసక మూట కట్టమని ఒకరు. కోడలు ఫూల్‌కుమారి, గలగలమనే పిల్ల, "మోకాళ్ళు అరిగేది కొండెక్కి కాదు మిత్ మామా, మొగుడి చుట్టూ తిరిగి," అంది. అందరూ నవ్వారు. చచ్చిపోయిన మనిషి మోకాళ్ళకి మూడు రకాల మందులు పుచ్చుకుని, తల ఊపి, అన్నం తిన్నాను.

నిన్న పొద్దున మిత్ నన్ను ఊరు తిప్పాడు. బక్క మనిషి, పొట్టి, ఇల్లరికం వచ్చినవాడు. యాభై ఏళ్ళయినా ఊరంతా అల్లుడనే పిలుస్తుంది. నన్ను ముందు నడవనిచ్చి వెనకనుంచి చూసి, "ఏంటి మిత్‌జూ ఆ కాలెత్తడం? ఇక్కడ మెట్లు లేవు," అన్నాడు. చూసుకుంటే నిజమే, చదును నేల మీద కూడా మెట్టు వెతుక్కుంటోంది కాలు. కళ్ళంలో ఎద్దులు గుంజ చుట్టూ తిరుగుతున్నాయి, వరి గింజ ఒక పక్క, గడ్డి ఒక పక్క. "మా మిత్ వచ్చాడు కొండ మీదనుంచి. నడక చూడండి," అని ఆ ఎద్దుల దగ్గరున్న ముసలాయనకి కూడా చూపించాడు. "ఎందుకు ఏడిపిస్తావు అల్లుడా. నిన్ను కొండెక్కిస్తే నాలుగు కాళ్ళ మీద ఎక్కుతావు," అన్నాడు ముసలాయన. "నాకు కొండెందుకు బాబాయ్. ఎక్కలేని కొండ ఇంట్లోనే ఉంది," అన్నాడు మిత్. నవ్వొచ్చింది. నా గొంతులోంచి బయటికి వచ్చాక గాని అది నవ్వని నాకే తెలియలేదు. పదకొండు నెలలయింది దాని మొహం చూసి. ముసలాయన నాకు ఆకుదొన్నెలో బియ్యపు కల్లు పోశాడు. మా ఇంట్లో నేను ముట్టను. ఇది మా ఇల్లు కాదు. తాగాను, పుల్లగా, చల్లగా, మజ్జిగలాగే ఉంది. ఇందుకా నలభై ఆరేళ్ళు నేను మొహం తిప్పుకున్నది అనిపించింది.

కాలవ దగ్గర ఆడవాళ్ళు పదిహేను మంది వరసగా దిగారు, నడుముకి బుట్ట, చేతిలో ముక్కోణపు వల, మోకాటి లోతు నీళ్ళలో ఒకే అడుగు వేసుకుంటూ. చేప తప్పించుకుంటే తిట్టుకుంటున్నారు. తిట్టు చేపకో పక్కదానికో తెలియదు. గట్టు మీదకి వచ్చి పట్టినదంతా ఒక్కచోట గుమ్మరించి వాటాలు వేశారు. అందరికీ సమానంగా, ఒక్క చేప పట్టనిదానికి కూడా. నీళ్ళలోకి దిగని బాలింతకి ఒక వాటా. ఆ తర్వాత మితిని తన వాటాలోంచి సగం తీసి వేరే ఆకులో పెట్టింది. "ఇది మా మితినికి. ఎండబెడతాను. మీరు వెళ్ళేటప్పటికి గలగలమంటాయి." నేను కాలవ అవతలికి చూశాను. అవతల ఏమీ లేదు, వరి మోళ్ళు. మధ్యాహ్నం ఫూల్‌కుమారి నత్తల కూర పెట్టి ఎదురుగా కూర్చుంది, నేను ఎలా తింటానో చూడ్డానికి. గుల్ల నోట్లో పెట్టుకుని ఊదాను. "ఊదకండి మామా, పీల్చండి. ఊదితే అది మళ్ళీ చెరువుకి పోతుంది." పీల్చాను, రాలేదు. "గట్టిగా. కొండ మీద చలికి ముక్కు పీల్చరా, అలాగ." వచ్చింది. చుట్టూ పిల్లలు అరిచారు. తొమ్మిది గుల్లలు పీల్చాను. అవిసెగింజల పొడి కలిపిన పులుసు, వేలు నాకాను. జౌకలా ఈ వంట మనసులో ఎన్నిసార్లు తిన్నదో. నలభై ఆరేళ్ళు నా పొయ్యి మీద నా వంట వండుతూ.

ఎసరు పలుకుతోంది. మితిని బియ్యం కడిగి వేసింది. మూడు వంతుల్లో ఒక వంతు అయిపోయింది గంట. ఇప్పుడు చెబితే బియ్యం దండగ. ఎసరు దగ్గరే చెప్పి ఉంటే నీళ్ళే పోయేవి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు, నాకు నేను అబద్ధం చెప్పుకోను. పోయిన ఏడు పుష్యంలో జౌకలాకి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు. సుర్ఖేత్‌నుంచి కూతురు వచ్చింది, మందులు వచ్చాయి, ఏమీ పట్టలేదు. చివరి మూడు రోజులు ఆమెకి తెలివి లేదు. నేను పక్కనే ఉన్నాను. గంజి పట్టాను, గుడ్డ తడిపి నుదుట వేశాను, అవన్నీ నాకు రాని పనులు, చేశాను. ఆమె కళ్ళు తెరిచి నా మొహంలోకే చూస్తూ పిలిచింది. పిలిచింది నన్ను కాదు. మితినీ, అంది. మితినీ, చారు ఇవ్వు, అంది. మూడు రోజులు. నలభై ఆరేళ్ళు ఒక్కసారీ ఎత్తని మాట మూడు రోజులు ఆగకుండా. కూతురు నా మొహం చూసి బయటికి పోయింది. మధ్యలో ఒక్కసారి తెలివి వచ్చింది, అప్పుడు నన్ను చూసి, "ఫోన్‌లో చెప్పకండి. మీరే వెళ్ళి చెప్పండి," అంది. అంతే. ఇంకేమీ నాతో అనలేదు. కొడుకు లేడు గనక నేనే తల గొరిగించుకుని పదమూడు రోజులు తెల్లబట్టలో కూర్చున్నాను, ఉప్పు లేని అన్నం నా చేత్తో నేను వండుకున్నాను. అక్కడ కూర్చునే అనుకున్నాను, చెప్పను. చావు కబురు ఏడాదిలోపు వింటేనే మూడు రోజుల మైల, మూడు రోజుల ఏడుపు. ఏడాది దాటితే ఒక్క స్నానంతో సరి. ఆమె చేత పిలిపించుకున్నదానికి ఒక్క చెంబు నీళ్ళు చాలనుకున్నాను. పగ అంటే పగే. చచ్చినదాని మీద తీర్చుకోలేను గనక బతికున్నదాని మీద. పుష్యం దాటేదాకా నోరు మూసుకుంటే చాలు, ఏ శ్రమా లేదు.

వారం కిందట జీపువాడు మూట దించిపోయాడు. ఏటా పంటలయ్యాక వచ్చే మూటే. కొత్త బియ్యం, ఎండుచేపలు, అరిటాకులో చుట్టి నార కట్టిన మూట. నేనుండగా ఆ చేపలు ఇంట్లో వండనిచ్చేవాణ్ణి కాదు, జౌకలా పశువుల పాక పక్కన మూడు రాళ్ళు పెట్టుకుని వండుకునేది. చనిపోయిన మనిషికి చేపలు వచ్చాయి. పారెయ్యబోయి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తిరిగి పంపుదామంటే జీపువాడికి ఏమని చెప్పాలి. వండుకుందామంటే అవి నావి కావు. నాలుగు రోజులు అరుగు మీదే ఉన్నాయి, పిల్లి చుట్టూ తిరిగింది, పిల్లిని కొట్టాను. ఐదో రోజున తాళం వేసి బస్సెక్కాను. క్షమించి రాలేదు. నేను క్షమించే రకం కాదు, అది నాకూ మా ఊరికీ తెలుసు. మూటకి జవాబు చెప్పడానికి వచ్చాను.

నిన్న సాయంత్రం కర్నాలీ ఏటి గట్టు మీద మిత్ ఇసకలోకి చెయ్యి చూపించాడు. "అక్కడ మాకు రెండెకరాలుండేది. మా అత్త పోయిన ఏడే ఏరు తినేసింది. అత్త పోయినప్పుడు మీకు మనిషిని పంపాం, ఆరు రోజులు నడిచాడు. చేరాడా?" చేరే ఉంటాడన్నాను. ఆ అత్తే, ఈ మితిని తల్లే, నా పెళ్ళానికి చారు కాచి పోసింది. ఏ ఏడది అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని. "మీ కొండ మీద వడగళ్ళు పడిన ఏడు. వాడు తిరిగొచ్చి చెప్పాడు, ఎక్కడా పచ్చని మొక్క లేదని," అన్నాడు. ఎవడూ మా ఇంటికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. నేను పొలంలో ఉండి ఉంటాను. ఇంట్లో చెప్పకూడని మాట అని నేనే చట్టం పెట్టాను గనక నాకు ఎవరూ చెప్పి ఉండరు. మంచు దిగుతోంది, వెనక్కి నడిచాం.

రాత్రి అన్నం పెట్టినప్పుడు మితిని అరుగు మీద కూర్చుని గడ్డి బుట్ట అల్లుతోంది. ఎర్ర రంగు వేసిన గడ్డి, పచ్చ రంగుది, పొడుగాటి సూది. చుట్టు మీద చుట్టు. "మూత ఒక్కటే మిగిలింది. మా మితిని దీంట్లో గాజులు పెట్టుకుంటుంది," అంది. నేను తిని లేచాను. చంటిపిల్ల ఏడుస్తోందని ఫూల్‌కుమారి లోపలికి పోయింది, కంచం తియ్యడానికి ఎవరూ రాలేదు. నేనే తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళి, కడిగి, గోడకి ఆనించాను. కడిగాక ఫూల్‌కుమారి వచ్చి నెత్తి బాదుకుంది. "అయ్యో మామా, మా పరువు తీశారు. రేపు ఊళ్ళో అంటారు, థారూ కోడలు కొండ మామ చేత అంట్లు తోమించిందని." మిత్ నవ్వుతూ, "ఇంకో నాలుగు కంచాలున్నాయి మిత్‌జూ, అవీ కానియ్యండి," అన్నాడు. నేనూ నవ్వాను. మితిని సూది చుట్టులోనే వదిలి లేచింది. కడుపు బాగాలేదని లోపలికి పోయి పడుకుంది. అన్నం కూడా తినలేదనుకుంటాను.

గంజి వారుస్తోంది. ఆవిరిలో మొహం కనబడడం లేదు. పొద్దున్నుంచీ ఈ ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. ఫూల్‌కుమారి టీ గ్లాసు ఇచ్చింది, మోకాళ్ళ మీద పరాచికం లేదు, వంచిన తల ఎత్తలేదు. మిత్ ఎదురుగా కూర్చుని తాడు పేనుతున్నాడు, పేనిందే విప్పి మళ్ళీ పేనుతున్నాడు. బుట్ట అరుగు మీద నిన్నటి చోటే ఉంది, సూది సగం చుట్టులో గుచ్చి ఉంది. తెలిసింది నాకు. మూడో రోజు చుట్టం. మా కొండ మీదైనా అంతే, మొదటి రోజు కోడి, రెండో రోజు కూర, మూడో రోజు ఎప్పుడు పోతాడా అని చూపు. తప్పు పట్టను. పోతాను. చెప్పి, మధ్యాహ్నం బస్సుకి పోతాను. వాళ్ళు నా వెనక ఏడ్చుకుంటారు, ఆ ఏడుపు నేను చూడనక్కర్లేదు. అలా అనుకుంటే ఊపిరి తేలిక కావాలి. కాలేదు. నిన్న కళ్ళంలో వచ్చిన నవ్వు గుర్తొచ్చింది, మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది అది. ఈ మనుషులు నావాళ్ళయింది ఒక్క పగలు. నలభై ఆరేళ్ళు నావాళ్ళే అయి ఉండాల్సినవాళ్ళు. చెప్పిన మరుక్షణం వీళ్ళు లెక్క వేస్తారు, పుష్యం నుంచి మార్గశిరం దాకా వేళ్ళు మడుస్తారు, పదకొండు నెలలు నోరు మూసుకున్న మనిషికా మనం నత్తలు పెట్టింది అనుకుంటారు. అనుకోనీ. అనుకోవాలి కూడా. నేనైతే ఊరుకోను.

కంచాలు వేశారు. మట్టి గాదెల పక్కన వరసగా చాపలు, తొమ్మిది కంచాలు. ఎప్పుడూ అందరూ తిన్నాక తినే మితిని ఇవాళ మాతోపాటే కూర్చుంది, నాకు ఎదురుగా. ఒకటే గిన్నె పప్పు. ఫూల్‌కుమారి అందరికీ వడ్డించింది, పిల్లలకి కూడా. ఇక ఆగకూడదు.

"మితినీ," అన్నాను. "ఒక మాట చెప్పాలి."

"ముందు ముద్ద పెట్టుకోండి మిత్‌జూ."

"తినకముందే చెప్పాలి."

"తినండి," అంది, పిల్లవాడికి చెప్పినట్టు. ఎవరూ కంచంలో చెయ్యి పెట్టలేదు, నాకోసమే చూస్తున్నారు. ఒక్క ముద్ద గొంతు తడుపుకోవడానికి అనుకుని కలిపి నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు లేదు.

ఇంకో ముద్ద పెట్టుకున్నాను. లేదు. పప్పులో లేదు, ఆకుకూరలో లేదు. తల ఎత్తి చూస్తే అందరూ తింటున్నారు. మిత్ తింటున్నాడు, ఫూల్‌కుమారి తింటోంది, ఐదేళ్ళ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని మొహం ముడిచి తల్లివైపు చూసి, తల్లి ఏమీ అనకపోతే మింగింది. తడి జుట్టు. తెల్లవారుజామున పోసుకున్న నీళ్ళు. ఆపేసిన బుట్ట. ఈ పప్పు రుచి నాకు తెలుసు. పదమూడు రోజులు తిన్నాను, కానీ అంతకుముందే తెలుసు. వడగళ్ళ ఏడు. పొయ్యి పక్కన రెండు గిన్నెలు. ఒకటి నాకు, ఒకటి ఆమెకి. ఆరు రోజులు నడిచి వచ్చిన మనిషి ఆ పొద్దున మా గడపలో నిలబడి చెప్పి వెళ్ళాడు, చారు కాచి పోసిన తల్లి పోయిందని. నా ఇంట్లో అనకూడని చావు. ఆమె ఏడవలేదు, నాకు చెప్పలేదు, తనకి వేరే గిన్నెలో ఉప్పు లేకుండా వండుకుంది, కంగారులోనో కన్నీళ్ళలోనో నాకు ఆ గిన్నెలోంచి వేసింది. నేను ఎడమచేత్తో తోశాను. గడప దాకా పోయింది. ఆమె ఆ మెతుకులన్నీ ఏరుకుని, నా ఎంగిలి కంచంలో పెట్టుకుని తిన్నది. మూడు రోజులు తిని ఉంటుంది. నేను చూడలేదు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"నిన్న రాత్రి. కంచం కడిగారుగా." మితిని తల ఎత్తలేదు. "కొత్తగా కడిగేవాడు బూడిద ఎక్కడుందని అడుగుతాడు. మీరు అడగలేదు. తీసుకుని, అంచు దగ్గర మొదలుపెట్టి నడిమికి తోముకొచ్చారు. మా మితిని అలాగే తోమేది. పెళ్ళాం ఉన్న కొండ మనిషి పంపు దగ్గరికి పోడు."

"మోకాళ్ళని చెప్పాను."

"చెప్పారు. మీకు నోరు రాలేదని తెలిసింది. ఇక మళ్ళీ అడిగి బాధ పెట్టడమెందుకని ఊరుకున్నాం." కంచంలోంచి చెయ్యి తీసి, "ఏ నెల?" అంది.

"పుష్యం. పోయిన ఏడు."

వేళ్ళు మడిచింది. నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను. మితినివి పొట్టి వేళ్ళు, గడ్డి కోసిన గాట్లు. చివరి వేలు దగ్గర ఆగింది.

"ఏడాది కాలేదు."

"లేదు. ఇంకా పద్నాలుగు రోజులున్నాయి."

"మూడు చాలు నాకు," అంది. పదకొండు నెలల గురించి ఒక్క మాట లేదు. మిత్ కూడా అనలేదు. ఎవరూ తిట్టలేదు, నేను తయారుగా కూర్చుని ఉన్నాను. ఆమె కంచంలో అన్నం అటూ ఇటూ జరిపి, చాలా మెల్లగా అడిగింది. "నన్ను అడిగిందా?"

అదొక్కటి నాది. ఎవరికీ తెలియదు, కూతురు చెప్పదు. లేదంటే లేదు. ఆ మూడు రోజులు నా దగ్గరే ఉంటాయి. పదకొండు నెలలు దాన్నే పట్టుకుని బతికాను. పొయ్యిలో కర్ర చిటపటమంది.

"మూడు రోజులు," అన్నాను. "మిమ్మల్నే పిలిచింది. నన్ను పిలవలేదు. చారు అడిగింది, మీ చేత్తో."

మితిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఫూల్‌కుమారి లేచి వెళ్ళి ఆమె వెనక కూర్చుని తడి జుట్టు ముడి వేసింది. మిత్ కంచం వైపే చూస్తూ, "తినండి మిత్‌జూ, చల్లారిపోతుంది," అన్నాడు.

తిన్నాను. అంచు నుంచి నడిమి దాకా తిన్నాను. కంచంలో ఒక్క మెతుకు లేదు. అప్పుడు కుడిచేత్తో కంచాన్ని ఫూల్‌కుమారి వైపు జరిపి, "పప్పు ఇంకొంచెం వెయ్యమ్మా," అన్నాను.